పంతొమ్మిదేళ్లకే తీర్పు చెప్పేద్దామా?

2006 ఫిబ్రవరి 10న టూరిన్ వింటర్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఇటలీ జెండా పట్టుకుని జట్టు ముందు నడిచిన అమ్మాయి పేరు కరొలీనా కోస్ట్నర్. రెండు రోజుల కిందటే ఆమెకు 19 నిండాయి. ఆటలు జరుగుతున్నది సొంత దేశంలో. అంతకు ముందు ఏడాదే మాస్కోలో ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం గెలిచి వచ్చింది. మహిళల ఫిగర్ స్కేటింగ్‌లో పతకం తెస్తుందని ఇటలీ అంతా ఎదురుచూసింది. తీరా పోటీ మొదలయ్యాక షార్ట్ ప్రోగ్రామ్ అనే మొదటి, చిన్న రౌండ్‌లోనే పడిపోయింది. చివరికి దక్కింది తొమ్మిదో స్థానం.

నాలుగేళ్ల తర్వాత వాంకూవర్ ఒలింపిక్స్‌లో అంతకంటే ఘోరం జరిగింది. 16వ స్థానం. అప్పటికి ఆమెకు 23. ఈ ఆటలో అమ్మాయిల విషయానికి వస్తే 23 అంటే ‘ఇంక అయిపోయింది’ అనే వయసు. ఆమె అక్కడితో మానేసి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. కానీ 25 ఏళ్ల వయసులో ప్రపంచ చాంపియన్ అయింది. 27కి ఒలింపిక్ కాంస్యం గెలిచింది. 31 ఏళ్ల వయసులో తన జీవితంలోనే అత్యుత్తమ షార్ట్ ప్రోగ్రామ్ మార్కులు తెచ్చుకుంది.

కోస్ట్నర్ కెరీర్‌ని ఏళ్ల తరబడి గమనించాక నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. పిల్లల ఆటల్లో ‘టైమ్ అయిపోయింది’ అన్న గడువు చాలాసార్లు పెద్దవాళ్లు పెట్టిందే. శరీరం పెట్టింది కాదు. అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మన తెలుగువాళ్లం ఆ గడువుని మరీ ముందుకు జరుపుతున్నాం. అందుకే ఆమె గురించి వివరంగా రాస్తున్నాను.

కోస్ట్నర్ పుట్టింది బొల్జానోలో, పెరిగింది ఒర్టిసెయి అనే చిన్న ఊళ్లో. ఉత్తర ఇటలీలో డోలమైట్ కొండల మధ్య వాల్ గార్డెనా లోయలో ఉంటుంది ఆ ఊరు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆ ప్రాంతం ఆస్ట్రియాది. అక్కడి ఇళ్లలో మాట్లాడేది లాడిన్ భాష. ఆ భాష మాట్లాడేవాళ్లు మొత్తం కలిపి 30 వేల మంది ఉంటారేమో. బడిలో, బజార్లో జర్మన్, ఇటాలియన్ రెండూ వినిపిస్తాయి. ఇంట్లో ఒక భాష, బయట ఇంకొక భాష అన్నది మన పిల్లలకి కూడా బాగా తెలిసిన బతుకే కాబట్టి ఇది చెప్పాలనిపించింది. ఆమె తండ్రి ఐస్ హాకీ ఆటగాడు. దగ్గర బంధువు ఇసోల్డె కోస్ట్నర్ స్కీయింగ్‌లో ఒలింపిక్ పతకాలు గెలిచింది. అంటే ఆటలంటే ఏమిటో, గెలుపుకి ఎంత టైమ్ పడుతుందో తెలిసిన కుటుంబం.

ఊళ్లో ఉన్న రింక్ కొండచరియలు విరిగిపడి పాడైపోయింది. ప్రాక్టీస్ కోసం రోజూ బొల్జానో దాకా వెళ్లాల్సి వచ్చింది. తర్వాత 14 ఏళ్ల వయసులో సరిహద్దు దాటి జర్మనీలోని ఓబర్స్ట్‌డార్ఫ్‌కి మారింది. అక్కడ మైకేల్ హూత్ కోచ్. 2003లో జూనియర్ ప్రపంచ కాంస్యం వచ్చింది, రెండేళ్లు తిరిగేసరికి సీనియర్స్‌లో కాంస్యం. వేగంగా మంచు మీద దూసుకువచ్చి రెండు ట్రిపుల్ జంప్‌లు, అంటే గాలిలో మూడేసి చుట్లు తిరిగేవి, వెంటవెంటనే చేసే పిల్ల అని పేరు పడింది. అలాంటి సమయంలో ఒలింపిక్స్ సొంత దేశానికి వచ్చాయి.

టూరిన్ తర్వాత ఆమె కుంగిపోయిందని చెప్పలేం. 2007, 2008లో యూరప్ చాంపియన్ అయింది, 2008లో గోథెన్‌బర్గ్‌లో ప్రపంచ రజతం గెలిచింది. కానీ ఆమె ఆటలో నిలకడ లేదు. ఒకరోజు అద్భుతం, మరోరోజు పడటమే. 2009లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో 12వ స్థానానికి జారింది. ఆ తర్వాత కోచ్‌ని మార్చి అమెరికా వచ్చి ఫ్రాంక్ క్యారల్ దగ్గర చేరింది. 2010 జనవరిలో మళ్లీ యూరప్ స్వర్ణం. సరిగ్గా నెల తిరక్కుండానే వాంకూవర్.

వాంకూవర్ ఫ్రీ స్కేట్, అంటే రెండో, పెద్ద రౌండ్, చూసినవాళ్లు ఆ నాలుగు నిమిషాలు మర్చిపోలేరు. ఒక జంప్ పడింది, ఇంకొకటి పడింది, మళ్లీ పడింది. పడిన ప్రతిసారీ లేచి సంగీతాన్ని అందుకోవాలి, నవ్వు మొహం పెట్టుకోవాలి, తర్వాతి జంప్‌కి వేగం తెచ్చుకోవాలి. చాలా ఆటల్లో తప్పు జరిగితే టైమ్ అవుట్ ఉంటుంది, సబ్‌స్టిట్యూట్ ఉంటారు. ఇక్కడ అవేవీ ఉండవు. ఆ టెన్షన్ ఒంటరిగా మోయాలి. తర్వాత స్కేటింగ్ వదిలేయాలా అని తాను ఆలోచించినట్టు ఆమే చెప్పింది.

ఇక్కడినుంచి జరిగినదే నాకు ఆమె కెరీర్‌లో అన్నిటికంటే విలువైన భాగం. ఆమె మళ్లీ ఓబర్స్ట్‌డార్ఫ్‌లో హూత్ దగ్గరికి వెళ్లింది. మోకాలి నొప్పి వల్ల లుట్జ్, ఫ్లిప్ లాంటి కష్టమైన ట్రిపుల్ జంప్‌లను కొంతకాలం పక్కన పెట్టింది. పోటీలో ఉన్నవాళ్లంతా జంప్‌లు పెంచుకుంటూ పోతున్న రోజుల్లో ఈమె తగ్గించుకుంది. కొందరు దాన్ని వెనకడుగు అన్నారు. ఆ సీజన్ చివర, 2011లో, మాస్కోలో ప్రపంచ కాంస్యం గెలిచింది. ఆ ఏడాది చివర్లో క్యుబెక్ సిటీలో గ్రాండ్ ప్రి ఫైనల్ స్వర్ణం. 2012 మార్చిలో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ప్రపంచ చాంపియన్. మహిళల సింగిల్స్‌లో ఇటలీకి అది మొదటి ప్రపంచ టైటిల్.

జంప్‌లు తగ్గించుకున్న స్కేటర్ ఎలా గెలిచింది? ఫిగర్ స్కేటింగ్‌లో మార్కులు రెండు వైపుల నుంచి వస్తాయి. ఒకటి జంప్‌లు, స్పిన్‌లు, స్టెప్స్ లాంటివి చేసినందుకు. ప్రతి జంప్‌కీ ఒక బేస్ మార్కు ఉంటుంది. ఇప్పటి లెక్కలో ట్రిపుల్ లుట్జ్‌కి 5.9, అదే లుట్జ్ నాలుగు చుట్లు తిరిగితే 11.5. దాని మీద ఎంత శుభ్రంగా చేశారన్న దానికి జడ్జీలు కలుపుతారు, లేదా కోస్తారు. రెండోది మొత్తం ప్రోగ్రామ్‌కి ఇచ్చే కాంపొనెంట్ మార్కులు. మంచు మీద బ్లేడు అంచులు ఎంత లోతుగా వాడుతున్నారు, ఒక్క తోపుతో ఎంత దూరం పోతున్నారు, సంగీతం ఒంట్లో పలుకుతోందా లేదా అన్నవి ఇందులోకి వస్తాయి. ఈ రెండో వైపు పదేళ్ల సాధన తర్వాత గానీ పండదు. కోస్ట్నర్‌కి వేగం, అంచుల మీద పట్టు చిన్నప్పటి నుంచే ఉన్నాయి. వాటిని సంగీతంతో కలిపి ఒక కళగా మార్చుకునేసరికి ఆమెకు పాతికేళ్లు వచ్చాయి.

2014లో సోచి ఒలింపిక్స్‌లో షూబర్ట్ ‘ఆవే మరియా’కి షార్ట్ ప్రోగ్రామ్, రావెల్ ‘బొలేరో’కి ఫ్రీ స్కేట్ చేసింది. రెండూ కొరియోగ్రాఫర్ లోరీ నికల్ కూర్చినవే. మొత్తం 216.73 మార్కులు. రష్యా అమ్మాయి సోత్నికోవా, కొరియా అమ్మాయి యునా కిమ్‌ల తర్వాత మూడో స్థానం. ఆ ఏడాది ఎవరు గెలవాలన్న దాని మీద పెద్ద గొడవే జరిగింది గానీ, కోస్ట్నర్ కాంస్యం గురించి ఎవరూ నోరెత్తలేదు. మహిళల సింగిల్స్‌లో ఇటలీకి మొదటి ఒలింపిక్ పతకం అదే. టూరిన్‌లో 19 ఏళ్ల పిల్ల మీద వేసిన బరువు దిగడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

ఆమె జీవితంలో ఒక చేదు ఘట్టం ఉంది. దాన్ని దాటవేసి ఆమెను మెచ్చుకుంటే నిజాయితీ అవ్వదు. అప్పట్లో ఆమె స్నేహితుడు నడక పందెం చాంపియన్ అలెక్స్ ష్వాట్సర్. 2012 లండన్ ఒలింపిక్స్‌కి ముందు డోపింగ్ పరీక్షకులు ఆమె ఇంటికి వచ్చినప్పుడు, అతను లోపలే ఉన్నా లేడని చెప్పింది. అదే రోజు తర్వాత తీసుకున్న నమూనాలో అతను డోపింగ్‌లో దొరికాడు. ఆమె ఏ మందూ వాడలేదు, కానీ పరీక్ష తప్పించుకోవడానికి సాయం చేసినందుకు 2015లో నిషేధం పడింది. నాలుగేళ్లకు పైగా వేయాలని ఇటలీ డోపింగ్ ప్రాసిక్యూటర్లు అడిగారు. మొదట 16 నెలలు వేశారు, తర్వాత స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానంలో అది 21 నెలలైంది. 2015 డిసెంబర్ 31తో ముగిసింది. నా దృష్టిలో శిక్ష పడటం సబబే. ప్రేమ కోసమైనా సరే, పరీక్షకుడి ముందు అబద్ధం చెబితే నిజాయితీగా ఆడే మిగతావాళ్లందరికీ అన్యాయం జరుగుతుంది. శిక్ష అనుభవించాక ఆమెకు తిరిగి ఆడే హక్కు ఉందన్నది కూడా అంతే నిజం.

ఆ హక్కుని ఆమె ఎలా వాడుకుందో చూడండి. 2017లో, 30 ఏళ్లు నిండబోతుండగా యూరప్ పోటీల్లో కాంస్యం. 2018లో మళ్లీ కాంస్యం, యూరప్ పోటీల్లో అది 11వ పతకం. అప్పటికి రష్యా కోచ్ అలెక్సీ మిషిన్ దగ్గర శిక్షణ తీసుకుంటోంది. ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో ఐదో స్థానం. అక్కడ స్వర్ణం గెలిచిన రష్యా అమ్మాయి అలీనా జాగితోవాకు అప్పుడు 15 ఏళ్లు. జాగితోవా పుట్టేనాటికే కోస్ట్నర్‌కి 15 ఏళ్లు ఉన్నాయి. ఇద్దరూ ఒకే మంచు మీద, ఒకే పతకం కోసం పోటీపడ్డారు. ఆ తర్వాత నెలలో మిలాన్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. షార్ట్ ప్రోగ్రామ్‌లో కోస్ట్నర్‌కి 80.27 మార్కులు, జాగితోవా కంటే కూడా ఎక్కువ, అందరికంటే ముందు. ఫ్రీ స్కేట్‌లో తప్పులు దొర్లి నాలుగో స్థానానికి జారింది. పతకం పోయినందుకు నాకు చాలా బాధ కలిగింది. అయినా 31 ఏళ్ల మనిషి ఆ రాత్రి చేసిన షార్ట్ ప్రోగ్రామ్ ఈ ఆటలో నేను చూసిన గొప్ప వాటిలో ఒకటి.

మరి 15 ఏళ్లకు స్వర్ణం గెలిచిన జాగితోవా? 2019లో ప్రపంచ చాంపియన్ కూడా అయ్యాక, అదే ఏడాది డిసెంబర్‌లో పోటీలకు విరామం ప్రకటించింది. అప్పటికి ఆమెకు 17. సోచిలో 15 ఏళ్లకే టీమ్ స్వర్ణం గెలిచి ప్రపంచమంతా ఆకాశానికెత్తిన యూలియా లిప్నిత్‌స్కాయా, తిండి మానేసే జబ్బు అనొరెక్సియాతో బాధపడి 19 ఏళ్లకే ఆట వదిలేసింది. 2022లో బీజింగ్‌లో 15 ఏళ్ల కమీలా వలియేవా నమూనాలో గుండె జబ్బుకి వాడే మందు దొరికింది. ఆ గొడవంతా నెత్తిన పెట్టుకుని ఫ్రీ స్కేట్‌కి దిగి, పదే పదే తడబడి, పడి, నాలుగో స్థానంలో మిగిలింది. తర్వాత నాలుగేళ్ల నిషేధం పడింది. ఆ పిల్ల చుట్టూ ఉన్న పెద్దవాళ్లెవరూ ఆ రాత్రి మంచు మీద నిలబడలేదు.

చిన్న వయసు పిల్లల మీదే ఎందుకు పందెం కాస్తారంటే, శరీరం సన్నగా, నడుము ఇరుకుగా ఉన్నప్పుడు గాలిలో తిరగడం తేలిక. ఎత్తు పెరిగి ఒళ్లు మారాక అదే జంప్‌కి కండ బలం, కొత్త టెక్నిక్ కావాలి. అది నేర్పడానికి రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. ఓపిక పట్టడం కంటే వెనకాల వరసలో ఉన్న ఇంకో 13 ఏళ్ల పిల్లని ముందుకు తేవడం కోచ్‌లకు తేలికైపోయింది. కాయల్ని కార్బైడ్ పెట్టి మగ్గబెట్టే వ్యాపారమే ఇది. పైకి పసుపు రంగు వస్తుంది, లోపల తీపి ఉండదు, తిన్నవాళ్ల ఆరోగ్యం పాడవుతుంది.

అందుకే 2022 జూన్‌లో అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య సీనియర్ పోటీలకు కనీస వయసుని 15 నుంచి 17కి పెంచినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. అనుకూలంగా 100 ఓట్లు, వ్యతిరేకంగా 16. ఒక్కసారిగా కాకుండా 2023-24లో 16కి, ఆ తర్వాతి సీజన్ నుంచి 17కి పెంచారు. ఈ నియమం వల్ల నష్టపోయినవాళ్లు లేరని నేను అనను. జపాన్ అమ్మాయి మావో షిమాదా 2023, 2024, 2025 మూడేళ్లూ వరసగా జూనియర్ ప్రపంచ చాంపియన్. 2008 అక్టోబర్‌లో పుట్టింది. జూలై 1 నాటికి 17 నిండాలన్న లెక్క వల్ల నాలుగు నెలల తేడాతో 2026 మిలాన్ ఒలింపిక్స్‌కి అర్హత పోయింది. ఆ ఇంట్లో వాళ్ల బాధ నేను ఊహించుకోగలను. అయినా నియమం ఉండాల్సిందే అంటాను. షిమాదాకి ఇంకో ఒలింపిక్స్ వస్తాయి, అప్పటికి ఆమెకు 21. జపాన్‌కే చెందిన కవోరి సకమొతో 21 ఏళ్ల వయసు నుంచి వరసగా మూడేళ్లు ప్రపంచ చాంపియన్ అయింది. నాలుగు చుట్ల క్వాడ్ జంప్‌లు లేకుండానే. కాబట్టి 21 ముసలితనం కాదు.

మన సంగతికి వస్తాను. ఇక్కడ మన పిల్లలు ఐస్ రింక్‌లకి వెళ్లడం ఇప్పుడు మామూలైపోయింది. లెర్న్ టు స్కేట్ క్లాసుల్లో మొదలవుతుంది. పిల్లకి ఇష్టం కలిగితే ప్రైవేట్ కోచ్, బడికి ముందు తెల్లవారుజామున ఐస్ టైమ్, వందల డాలర్ల బూట్లు. మా అమ్మాయి కూడా కొన్నేళ్లు వెళ్లింది కాబట్టి ఆ ఖర్చూ, ఆ నిద్ర కరువూ నాకు తెలుసు. రింక్ బయట బెంచీల మీద తల్లిదండ్రుల మాటలు కూడా తెలుసు. ‘పదకొండు వచ్చేశాయండీ, ఇంకా డబుల్ యాక్సెల్ జంప్ రాలేదు.’ ‘వాళ్ల పాప మన పాప కంటే ఏడాది చిన్నది, అప్పుడే నేషనల్స్ గురించి మాట్లాడుతోంది.’ ఇలా అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. పిల్లల కోసం ఇంత దూరం వచ్చి, ఉన్న కాస్త టైమూ డబ్బూ ఇందులో పోస్తున్నవాళ్లు. కానీ ఆ మాటలు పక్కనే బూట్ల లేసులు కట్టుకుంటున్న పిల్ల చెవిన పడుతున్నాయి.

తొమ్మిదో తరగతిలోకి రాగానే రెండో రకం తొందర మొదలవుతుంది. హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చదివే ఏపీ కోర్సులు, శాట్ పరీక్ష, కాలేజీ దరఖాస్తులు. పతకం వచ్చేలా ఉంటే కొనసాగించు, లేకపోతే ఆపెయ్. స్కేటింగే కాదు, కూచిపూడి, కర్ణాటక సంగీతం, వయొలిన్, టెన్నిస్ అన్నిటికీ ఇదే వరస. అరంగేట్రం అవగానే గజ్జెలు అటక మీదికి వెళ్లిపోయిన ఇళ్లు మనలో ఎన్ని లేవు? ఎంతో ప్రేమగా నేర్చుకున్న విద్యని సరిగ్గా మనసు పక్వానికి వచ్చే వయసులో ఆపిస్తున్నాం. కోస్ట్నర్ విషయంలో చూశాం కదా, కళ పండడం మొదలైందే అక్కడ.

ఈ రెండు తొందరలూ ఒక పిల్లని ఏం చేస్తాయో అలీసా లియు కథ చెబుతుంది. కాలిఫోర్నియాలో పెరిగిన అమ్మాయి, తండ్రి చైనా నుంచి వలస వచ్చినవాడు. 2019లో 13 ఏళ్లకే అమెరికా జాతీయ చాంపియన్ అయింది. 2022లో ఒలింపిక్స్ ఆడి, ప్రపంచ కాంస్యం గెలిచి, 16 ఏళ్లకే ఇక చాలని వదిలేసింది. కాలేజీలో చేరింది, స్నేహితులతో తిరిగింది, మంచు వైపు చూడలేదు. రెండేళ్ల తర్వాత తనంతట తానే తిరిగి వచ్చింది. సంగీతం, దుస్తులు, ఎంతసేపు ప్రాక్టీస్ చేయాలన్నది ఈసారి తానే నిర్ణయిస్తానంది. 2025 మార్చిలో బోస్టన్‌లో ప్రపంచ చాంపియన్ అయింది, నవ్వుతూ. మధ్యలో ఆ రెండేళ్లు వృథా అయ్యాయని ఎవరైనా అనగలరా?

దీనికి ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. ‘కోస్ట్నర్‌లు, లియులు కోటికొకరు, మా పిల్లలు మామూలు పిల్లలు, వాళ్లకి చదువే దారి’ అంటారు. చదువు మానమని నేను అనడం లేదు. మామూలు పిల్లలకే ఇది ఇంకా ముఖ్యం. కోటికొకరికి దేశం వెనకాల ఉంటుంది, స్పాన్సర్లు ఉంటారు, పడ్డా లేపేవాళ్లు ఉంటారు. మామూలు పిల్లకి ఉన్నది మనమే. వారానికి రెండు రోజులే అయినా 17 ఏళ్లకీ, 20 ఏళ్లకీ కొనసాగించవచ్చని ఆమెకు చెప్పాల్సింది మనమే. పెద్దవాళ్ల కోసం విడిగా పోటీలు అమెరికాలో ఏటా జరుగుతూనే ఉన్నాయి, అందులో 50 దాటినవాళ్లు కూడా మంచు మీదికి దిగుతున్నారు.

సంఘంగా మనం చేయగలిగింది కూడా ఒకటి ఉంది. మన తెలుగు సంఘం మహాసభల్లో ఇచ్చే యువ పురస్కారాలకు 18 ఏళ్లు దాటనివాళ్లే అర్హులు. వేదిక మీద పరిచయం చేసేటప్పుడు ‘ఇంత చిన్న వయసులో’ అన్న మాటకే చప్పట్లు ఎక్కువ. ఆ వయసు పరిమితిని 30కి పెంచాలని పురస్కారాల కమిటీని కోరుతున్నాను. చిన్నప్పుడు నేర్చుకున్న కళనో ఆటనో కాలేజీ తర్వాత కూడా కొనసాగిస్తున్నవాళ్లకి, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టినవాళ్లకి విడిగా ఒక విభాగం పెట్టాలి. దరఖాస్తులో ‘ఏ వయసులో సాధించారు’ అన్న గడి తీసేసి, ‘ఎన్నేళ్లుగా చేస్తున్నారు’ అన్నది పెట్టాలి. ఇందుకు అదనంగా డబ్బు అక్కర్లేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన నేనే ప్రవేశపెడతాను. బలపరచడానికి ఇంకొక సభ్యుడో సభ్యురాలో కావాలి. ఇష్టమున్నవాళ్లు సమావేశానికి ముందే పత్రిక సంపాదకులకు మీ పేరు తెలియజేయండి.